నీ.ఎ.లో ప్రథమ స్థానం

సాంకేతిక నివేదికల్లో మూడుసార్లకు మించి వచ్చే ఏ మాటనైనా ఇకమీదట పొడి అక్షరాల్లోనే రాయాలని అనంతపురంలోని ఒక నీటి కార్యాలయం తీర్మానించింది. దీనివల్ల కాగితం ఆదా, కాలం ఆదా, పాఠకుడికి ఆలోచన కూడా ఆదా. ఈ మహత్తర సంస్కరణకు కర్త పెద్ద ఇంజనీరు శ్రీరంగప్పగారు.

నివేదిక రాసే పని అసిస్టెంట్ ఇంజనీరు పద్మజది. ఎర్రబండపల్లెలో బోర్లన్నీ ఎండిపోయాయి. ఊరు ట్యాంకరు మీదే బతుకుతోంది. ఈ ఎండాకాలమూ అది నడవాలంటే నివేదిక పైకి పోవాలి. అందులో ఎక్కడ చూసినా "నీటి ఎద్దడి" అనే మాటే. ఎద్దడి అంత ఉంది మరి.

"నీ.ఎ. అని రాయమ్మా," అన్నారు శ్రీరంగప్ప.

"రెండు మాటలే కదా సార్, పూర్తిగా రాస్తే ఏం పోతాది? చదివేవాళ్లకి అర్థం కావద్దా?"

"అందరికీ అర్థమైతే దాన్ని టెక్నికల్ రిపోర్టని ఎవరంటారమ్మా?"

అయినా పద్మజ పట్టుబట్టి అట్ట మీద మాత్రం పూర్తి మాట ఉంచింది. ఆ అట్ట వెలవెలబోతోందని శ్రీరంగప్పగారు దాన్ని తీయించి, నిండు చెరువు బొమ్మ వేయించారు.

పై కార్యాలయం శ్రద్ధగా చదివింది. "ప్రతి వీధిలోనూ నీ.ఎ. ఉంది. నిరుటికంటే నీ.ఎ. రెట్టింపైంది." నీ.ఎ. అంటే నీటి ఎత్తిపోతలని అక్కడి మేధావులు ఏకగ్రీవంగా గ్రహించారు. అంత జోరుగా ఎత్తిపోతలు సాగుతున్న ఊరికి ట్యాంకరు దండగని ఆపేసి, శ్రీరంగప్పగారికి పురస్కారం ప్రకటించారు.

ఆ వారమే ఎర్రబండపల్లె ఆంజినమ్మ ఖాళీ బిందెతో ఆఫీసుకు వచ్చింది. "ఏమ్మా, ట్యాంకరు యాడికి పోయె? పసిబిడ్డల నోట్లోకి చుక్క లేదు. మా ఊర్లో నీళ్లు పొర్లతాండాయని రాసినోళ్లు ఎవురు?"

రాసింది పద్మజే. వెంటనే సవరణ పంపింది. పురస్కారం ప్రకటించాక సవరణలు స్వీకరించే నిబంధన లేదని అది తిరిగొచ్చింది.

సన్మాన సభలో శ్రీరంగప్పగారు "నీ.ఎ.లో మనమే ముందున్నాం!" అని గర్జిస్తుండగా పద్మజ లేచి నిలబడింది.

"అయ్యా, నీ.ఎ. అంటే నీటి ఎద్దడి. ఆ ఊర్లో తాగడానికి నీళ్లు లేవు."

ఆ అక్షరాలకు అసలు అర్థం అప్పటిదాకా సభికుల్లో ఎవరికీ తెలియదు. తెలియదన్న సంగతి పక్కవాళ్లకు తెలియకూడదు. ముందు వరుసలో కూర్చున్న మీరూ నేనూ, ఆ మాత్రం మాకు తెలీదా అన్నట్టు తలలూపి, చేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాం.