బ్యాటరీ తుప్పు వదలగొట్టాం

ఒక పెద్ద అడవిలో ఒక గాడిద ఉండేది అని మొదలుపెడదామనుకున్నాను. ఆ గాడిద నేనే కాబట్టి, పరాయివాడి కథలా చెప్పుకోవడం బాగుండదు. పైగా నేను ఉత్త గాడిదను కాను, అటవీ విద్యుత్ సలహాదారును. బరువులు మోయను, సలహాలు మోయిస్తాను.

పిట్టలు గుడ్ల మీద కూర్చోవడం వెనకబాటుతనమని మా సభ తీర్మానించింది. అడవిలోని గుడ్లన్నీ తెచ్చి, పొదుగుడు కేంద్రంలో బల్బుల కింద పేర్పించింది. పగలు ఎండ కరెంటు, రాత్రికి బ్యాటరీ. అది ఆగితే గుడ్లు చల్లబడి పిల్లలు లోపలే పోతాయి.

కౌజుపిట్ట నీలవేణమ్మ రోజూ కంచె బయట నిలబడేది. "అయ్యా, పోయినసారి గుడ్లన్నీ పాముపాలయ్యాయి. ఇవైనా దక్కుతాయా?" అనేది.

"నేనున్నానుగా!" అనేవాణ్ని. దాంతో ఆవిడ భయం రెట్టింపయ్యేది.

నా ఘనకార్యాలు అలాంటివి మరి. మొదట తెప్పించిన లిథియం బ్యాటరీ ఎండలకి ఉబ్బి అంటుకుంది. గుడ్లు అప్పటికింకా రాలేదు కాబట్టి బతికిపోయాం. తర్వాతది ఉప్పుతో చేసింది. మంచిదే, చవక కూడా. కానీ దానిమీద "ఉప్పు" అని పెద్ద అక్షరాలతో రాయించాను. జింకలు మూతతో సహా నాకేశాయి.

మూడోది ఇనుప బ్యాటరీ. ఇనుము గాలి పీల్చి తుప్పు పడుతుంటే కరెంటు వస్తుంది. పగలు ఎండ కరెంటు ఎక్కిస్తే ఆ తుప్పు మళ్లీ ఇనుమవుతుంది. ఏనుగంత బరువు. అయితేనేం, అదేమైనా నడిచి ఊళ్లు తిరగాలా? ఇదంతా సభలో చెప్పి, "తుప్పే దీని ప్రాణం!" అని ముగించి చప్పట్లు కొట్టించుకున్నాను. విచిత్రం, అది పనిచేసింది! నీలవేణమ్మ కంచె పక్కనే హాయిగా కునుకు తీసింది.

ఒకరోజు పొద్దున్నే ప్రొటోకాల్ అధికారి నక్క జంబుకరావుగారు ఊడిపడ్డారు. సాయంత్రం సింహంగారి తనిఖీ అట. రాత్రంతా పనిచేసిన బ్యాటరీ ఎర్రగా తుప్పుపట్టి ఉంది.

"ఏమయ్యా, ప్రభువులవారికి తుప్పు చూపిస్తావా?"

"అది తుప్పు కాదండీ... అంటే తుప్పేనండీ, కానీ..."

"పోయిన తనిఖీలో బూజు కనిపించి ఎలుగుబంటి ఉద్యోగం ఊడింది. గుర్తుందా?"

గుర్తుంది. ఊరికే వదిలేస్తే సాయంత్రానికి ఎండే ఆ తుప్పు వదలగొడుతుందన్నది మాత్రం గుర్తు రాలేదు. "చింతపండు తెండర్రా!" అని అరిచాను.

కోతులు బ్యాటరీలోని ఇనుప రేకులు బయటికి లాగి, చింతపండు పెట్టి రుద్ది రుద్ది తోమాయి. ఎర్రనీళ్లు కాలవ కట్టాయి. గాలి రంధ్రాలు అసహ్యంగా ఉన్నాయని మైనంతో పూడ్పించి, పైన వెండి రంగు వేయించాను.

నీలవేణమ్మ లబోదిబోమంది. "అయ్యయ్యో, తుప్పే దీని ప్రాణమన్నారుగా!"

"అది ఉపన్యాసమమ్మా. ఇది తనిఖీ."

పొద్దుగూకే వేళకి సింహంగారు వచ్చారు. బ్యాటరీలో మొహం చూసుకుని జూలు సర్దుకున్నారు. "భేష్! ఎక్కడికెళ్లినా మురికే. ఇక్కడ చూడండి, ఏం మెరుపు!" అన్నారు.

సూర్యుడు కుంగాడు. బల్బులన్నీ ఆరిపోయాయి. అన్ని ప్రాణాలూ నా డెక్కల కింద పడ్డట్టే ఉంది.

నీలవేణమ్మ ఎవర్నీ అడగలేదు. కంచె దూరి వెళ్లి తన గుడ్ల మీద కూర్చుంది. మిగతా తల్లులూ ఆమె వెనకే దూరాయి.

"చీకటేమిటయ్యా?" అన్నారు సింహంగారు.

"పొదుపండీ ప్రభూ!" అన్నారు జంబుకరావుగారు. "ఇది పొదుగుడు కేంద్రమూ, పొదుపు కేంద్రమూనూ."

ప్రభువులవారు పొంగిపోయి అక్కడికక్కడే నాకు విద్యుత్ భూషణ బిరుదు ఇచ్చారు. గుడ్లన్నీ పిల్లలయ్యాయి. పుట్టింది తల్లుల కింద. రిపోర్టులో మాత్రం నా బ్యాటరీ కింద.

మొన్న నీలవేణమ్మ పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. దీవెనకేమోనని మెడ వంచాను.

"ఈయన్ని బాగా చూసి పెట్టుకోండర్రా," అంది. "రేపు మీరు గుడ్లు పెడితే, ఈయనకి మాత్రం చెప్పకండి."

నీతి: పనిచేసేదానికి తుప్పు పడుతుంది, తోమించినవాడికి బిరుదొస్తుంది.