ఎలుకలకు పెట్టిన పొగ

రాఖీ పున్నమి నాడు పొద్దున్నే నారాయణ సారు వేసుకున్న పథకం చిన్నదే. దేవరుప్పుల రోడ్డు పక్కనున్న వాళ్ల గడ్డి బీడంతా ఎలుకలు తవ్వేశాయి. మొన్న బర్రె కాలు బొరియలో దిగబడి ఇంకా కుంటుతోంది. అందుకే బొరియలకు పొగ పెట్టాలనుకున్నాడు.

అడ్డం ఒకటే. తెలంగాణ కోసం ఆ బీడు చివర రోడ్డు వారగా టెంటు వేసి రిలే దీక్షలు నడుపుతున్నారు. ఆ రోజు వంతు బడి పంతుళ్లది, అంటే నారాయణ కూడా కూర్చోవాలి. నారాయణ తోటి పంతులు మధుకర్‌కు ఫోన్ చేశాడు.

"జరమొచ్చింది తమ్మీ. ఇయ్యాల నేను రాలేను."

"పండుకో అన్నా. మేం చూసుకుంటం."

పండుగ అయినా నారాయణ ఇంట్లో సందడి లేదు. అక్క ఈదమ్మది కురవి. ఆ బీడులో తనకూ భాగం ఉందని ఆమె అడిగిన నాటి నుంచి మాటల్లేవు, రాఖీ లేదు. తప్పు తనదేనని నారాయణకు తెలుసు. ఫోన్ చేయడానికే మొహం చెల్లలేదు.

కుండలో గడ్డీ, ఎండుమిరపకాయలూ వేసి ముట్టించి, బొరియ మూతికి పెట్టి విసనకర్రతో విసిరాడు. ఒక్క ఎలుకా బయటికి రాలేదు. ఇంకో గుప్పెడు మిరపకాయలు వేశాడు. బొరియలు లోపల ఎంత దూరం పోయాయో ఆయనకు తెలియదు. పొగ పోయి పోయి టెంటులో జంపఖానా పక్క నుంచి లేచింది.

పంతుళ్లంతా దగ్గుతూ, కళ్లు నలుపుకుంటూ రోడ్డు మీద పడ్డారు. పోలీసులు గ్యాస్ వదిలారని ఎవరో అన్నారు. కాసేపట్లో ఊరంతా వచ్చి రోడ్డుకు అడ్డంగా కూర్చుంది. ఆ గోల విని నారాయణ పరుగెత్తాడు. చెమట మొహం, పొగకు ఎర్రబడ్డ కళ్లు. మధుకర్ ఆయన్ను గట్టిగా కావలించుకున్నాడు.

"జరమున్నా ఉరికొచ్చినవ్. ముంగట కూసో అన్నా."

"అది కాదు తమ్మీ, గా పొగ..."

"నాకెరుకే. మన నోరు మూయాలనే ఇడిసిన్రు."

నిజం చెప్పాలంటే జ్వరం సంగతి కూడా చెప్పాలి. ఈలోగా మెడలో దండ పడింది. అందరితో పాటు ఆయనా జై తెలంగాణ అన్నాడు. ఎదురుగా తొర్రూరు నుంచి వచ్చిన బస్సు చాలాసేపు ఆగి, వెనక్కి తిరిగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి భార్య రాజేశ్వరి గడపలో కూర్చుని ఉంది.

"అక్క ఫోన్ చేసింది," అంది. "నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకొని, రాఖీ కట్టనీకి పొద్దుగాల్నే బయలెల్లింది. బస్సులకెల్లి నిన్ను చూసిందంట. మెడల దండేసుకొని తొవ్వకు అడ్డం కూసున్నవంట."

నారాయణ వెంటనే ఫోన్ చేశాడు. ఎలుకలు, మిరపకాయలు, జ్వరం, అన్నీ వరసగా చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"రాజేశ్వరి నీకు చెప్పే ఉంటది. నేనొచ్చుడు ఇష్టం లేదంటే అయిపాయె గద తమ్మీ," అంది నెమ్మదిగా. "ఎలుకల మీద ఎందుకు పెడ్తవ్?"

మర్నాడు తానే కురవికి పోయి, చెయ్యి చాపి రాఖీ కట్టించుకుని, బీడులో ఆమె భాగం ఆమెకే ఇస్తానని చెప్పాలనుకున్నాడు. కొత్త చీరె సంచిలో పెట్టుకుని బస్టాండుకు పోతే ఒక్క బస్సు లేదు. గ్యాస్ వదిలినందుకు నిరసనగా బంద్ అట.

పిలుపునిచ్చిన వాళ్లలో మొదటి పేరు నారాయణ సారుదే.