అర్థం లేని పదకొండు పాయింట్లు

అర్థం తెలియకుండా మాటలు వాడగలగడం మానవజాతి సాధించిన విజయాలన్నిటిలోకీ గొప్పది! నిప్పూ చక్రమూ ఆ తర్వాతి వరసలో కూర్చోవాలి. సందేహమున్న పాఠకులు తొందరపడి నవ్వకుండా, కొలతల బాబాయిగారి సంగతి వినవలసిందిగా మనవి.

వీధి వీధంతా ఆయన్ను అలాగే పిలుస్తుంది. తూనికలు, కొలతల శాఖలో ముప్ఫయ్యారేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. దుకాణంలో అడుగుపెట్టగానే తన పెట్టెలోని ప్రమాణపు రాళ్ళు తీసి, కొట్టువాడి రాళ్ళకు ఎదురుగా తక్కెడలో పెట్టేవారు. చేతి చెమట కూడా బరువేనని ఆయన వాదం. జాతకాలనూ, వార్తలనూ, వంటింటి గడియారాన్నీ సమానంగా అనుమానించేవారు.

అటువంటి మనిషికి ఆదివారం మధ్యాహ్నం మరదలితో ఇంగ్లీషు అక్షరాల ఆట. గళ్ళ అట్ట మీద బిళ్ళలు పేర్చి మాట కట్టాలి. అరుదైన అక్షరానికి ఎక్కువ పాయింట్లు. మరదలు రిటైరైన టైపిస్టు. పాయింట్లు రాసేది ఆమె అక్క, అంటే బాబాయిగారి భార్య. ఇరవై ఏళ్ళుగా గెలుపు బాబాయిగారిదే. ఎందుకు కాదు? ఆయన చదివిన నిఘంటువుల బరువుకు బీరువా చెక్క వంగిపోయింది!

అలాంటి రోజుల్లో మరదలి ఫోనులోకి ఒక జాబితా వచ్చిపడింది. క్యూ, జెడ్, ఎక్స్ ఉన్న రెండు మూడక్షరాల మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆమె వాటిని ఎక్కాల్లా బట్టీ పట్టేసింది. ఆ ఆదివారమే క్యూ పక్కన ఐ పెట్టి, "పదకొండు" అంది.

"ఇదేం మాటమ్మా?"

"మాటే. ఫోను ఒప్పుకుంది."

"దీని అర్థం?"

"అర్థాలకి పాయింట్లివ్వరు బావగారూ!"

బాబాయిగారు నిఘంటువు తెరిచారు. శరీరంలో ప్రవహిస్తుందని కొందరు నమ్మే ప్రాణశక్తి అని ఉంది. అటువంటిదేదీ లేదని ఆయన జీవితమంతా ఉపన్యాసాలిచ్చారు. లేని వస్తువుకు పదకొండు పాయింట్లా! మరుసటి వారం ఆమె జెడ్ పక్కన ఓ పెట్టింది. జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన సంకర జాతి పశువట.

"ఆ పశువును ఎప్పుడైనా చూశావా?"

"ముప్ఫయ్యేళ్ళు టైపు కొట్టాను. ప్రతి ముక్కకీ అర్థం అడుగుతూ కూచుంటే ఆఫీసులో ఒక్క కాగితం కదిలేదా? వేళ్ళకెందుకండీ అర్థాలు!"

గమనించారా, ఎంతటి వివేకం! రక్తపరీక్ష రిపోర్టులో మూడేసి అక్షరాలు బారులు తీరి ఉంటాయి. మనం చూసేది పక్కనున్న బాణం పైకుందా, కిందికుందా అనే కదా! ఫోను నలభై పేజీల షరతులు చూపిస్తే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కడానికి అర సెకను చాలదూ? మీటింగులో మేనేజరు ఓ పొట్టి మాట విసిరితే పద్దెనిమిది తలలు ఒక్కసారి ఊగుతాయి. అంతెందుకు, భార్య అన్న 'ఊఁ'కు అర్థం వెతికి బాగుపడ్డ భర్త ఎవరైనా ఉన్నాడా?

కానీ బాబాయిగారు బాగుపడదలచుకోలేదు. వారం వారం ఓడిపోతూనే మాట మాటకూ నిఘంటువు తెరిచేవారు. గంట ఆట మూడు గంటలయింది. పదో వారం మరదలు బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

"అక్కా, నేనింక రాను. ఇది ఆటా, ఇంటర్వ్యూనా?"

వాళ్ళావిడ పెన్సిలు కింద పెట్టారు. "ఏమండీ, అది రాకపోతే ఆదివారమంతా మీ ఎదురుగా నేనొక్కదాన్నే కూచోవాలి. నా వల్ల కాదు."

అక్కడికక్కడే ఒప్పందం కుదిరింది. 'అర్థం' అనే మాట ఎవరి నోట వస్తే ఆ రోజు ఆట వాళ్ళు ఓడిపోయినట్టే. బాబాయిగారు దాన్ని రెండు ప్రతులు రాసి సంతకాలు చేయించారు.

ఆ పైన ఆయన చేసిన పని ఒకటే. జాబితా మొత్తం తెప్పించుకుని, ప్రతి మాటకూ అర్థం వెతికి, నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నారు. నోరు కట్టేసుకుని ఇంకో రెండు ఆటలు ఓడిపోయారు.

మూడో ఆదివారం ఆట ముగింపుకొచ్చేసరికి ఆయన మూడు పాయింట్లు వెనకున్నారు. చేతిలో మిగిలినవి పి, వై, ఎక్స్. వరసగా పెట్టేశారు, 'పిక్స్' అని. పదిహేను! మూడు నెలల్లో మొదటి గెలుపు. ఇక చేయవలసింది ఒక్కటే: మాట్లాడకుండా కూర్చోవడం.

నాణేలు ముద్రించే టంకశాలలో, ప్రతి విడత నుంచీ కొన్ని నాణేలు తీసి, తర్వాత తూకమూ నాణ్యమూ పరీక్షించడానికి దాచే పెట్టెను పిక్స్ అంటారు. తన ముప్ఫయ్యారేళ్ళ ఉద్యోగానికి ఎవరో మూడక్షరాలతో విగ్రహం నిలబెట్టినట్టనిపించింది, విగ్రహాలంటే గిట్టని ఆ మనిషికి!

ఆయన ఎదురుచూశారు.

"బాగుంది బావగారూ. నా దగ్గరున్న ఒక్క బిళ్ళకీ చోటు లేదు. కూడెయ్యక్కా."

బాబాయిగారు దగ్గారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "నీకేమీ సందేహం రాలేదా?"

"ఫోనుకే రాలేదు, నాకెందుకొస్తుంది?"

"అది కాదమ్మా, ఒక మనిషి ఒక మాట పెట్టాడంటే, ఎదుటివాళ్ళు ఒక్కసారైనా..." ఆయన భార్య వైపు తిరిగారు. "నువ్వైనా?"

"లెక్క తప్పుతుంది, మాట్లాడించకండి."

అంతే, కట్ట తెగింది. "దాని అర్థమేమిటని ఒక్కరూ అడగరేం!"

మరదలు నిదానంగా ఒప్పందం కాగితం మడత విప్పింది. "ఓడిపోయారు బావగారూ."

"ఓడిపోయాను," అన్నారాయన ఉత్సాహంగా. "ఇప్పుడు చెప్పనా?"

"చెప్పండి. ఇంక తప్పేదేముంది!"

నలభై నిమిషాలు చెప్పారు. మరదలు నిజంగానే విన్నది. మధ్యలో ఒక ప్రశ్న కూడా వేసింది. ఇరవై ఏళ్ళు గెలిచినప్పుడు ఏనాడూ వెలగనంతగా ఆయన మొహం వెలిగింది. లోకానికి అర్థాలు తెలియడం లేదని కాదండీ ఆయన గోల, తనను ఎవరూ అడగడం లేదని!

అంతా అయ్యాక వాళ్ళావిడ కాగితం మీంచి తలెత్తారు.

"బాగానే ఉంది గానీ, దానికి పద్నాలుగా, పదిహేనా?"