హైమవతి చిరునామా మార్పు

కూర్మనాథం భార్య హైమవతి చనిపోయిన నలభయ్యో రోజున ఒక ఎల్పీ రికార్డు అట్టమీదికి మకాం మార్చింది. ఇలాంటివి ఈమధ్య ఎక్కువయ్యాయి కనుక మున్సిపల్ ఆఫీసులో నాలుగో నంబరు గదిని అట్టల విభాగానికి కేటాయించారు. అట్టమీదికి వెళ్ళిన మనిషిని నెలరోజుల్లోగా ఇంటివాళ్ళు గుర్తుపట్టి నమోదు చేయించాలి. లేకపోతే ఆ మనిషిని బొమ్మలో భాగంగా భావించి, అట్టను ఆఫీసువాళ్ళు పట్టుకుపోతారు.

ఆ అట్ట సంగతి చెప్పాలి. నీలం గోడ, ఆవపువ్వు రంగు పరదా, తెరిచిన కిటికీ, కిటికీలో సముద్రం. ఆ సముద్రం వైపు తిరిగి ఒక ఖాళీ పేము కుర్చీ. అంతే. పాడినావిడ బొమ్మ కూడా లేదు, పేరు ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెళ్ళైన కొత్తలో హైమవతి దాన్ని కొనుక్కొచ్చింది. ఇంట్లో రికార్డు ప్లేయర్ లేదు, ఆ తర్వాతా కొనలేదు.

"పాట కోసం కాదండీ. ఆ కుర్చీ చూడండి ఎంత బావుందో. అందులో కూర్చుంటే ఎవరూ లేవమనరు" అంది.

కూర్మనాథం "పిచ్చిదానా" అని నవ్వి పేపరు తిరగేశాడు. ముప్పై ఆరేళ్ళూ ఆమె ఆ అట్టను వంటింటి అలమరలో పోపులపెట్టె పక్కన నిలబెట్టుకుంది. రోజూ కొంగుతో తుడిచేది.

ఇప్పుడా కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. వెనకనుంచే కనిపిస్తోంది.

నెల పూర్తి కావడానికి ఒక్కరోజు ముందు కూర్మనాథం అట్టను చంకలో పెట్టుకుని నాలుగో నంబరు గదికి వెళ్ళాడు. క్లర్కు పైడితల్లి దాన్ని వెలుతురులో పెట్టి చూసింది.

"ముఖం కనబడ్డం లేదు కదండీ. ఆవిడేనని ఏటి గుర్తు?"

"బుగ్గమీద పుట్టుమచ్చ ఉండేదమ్మా."

"ఎడమ బుగ్గా, కుడి బుగ్గా?"

కూర్మనాథం రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తప్పిపోయిన మూటల గుర్తులు చూడకుండా చెప్పగలిగిన మనిషి. పెన్ను ఎత్తి, అలాగే ఆగిపోయాడు. ఎడమ అనుకున్నాడు. కాదు, కుడి అనుకున్నాడు. ఫారంలో ఆ కింద కళ్ళ రంగు రాయమని ఇంకో కాలమ్ ఉంది. సిగ్గుతో చచ్చిపోయాడు.

"పోనీ ఫొటో ఉందా?"

"పెళ్ళి ఫొటో ఉందమ్మా. అందులో తల దించుకునుంది. మిగతావన్నీ తనే తీసింది."

పైడితల్లి ఏమీ ఆశ్చర్యపోలేదు. ఫారం వెనక్కి తిప్పింది.

"కంగారుపడకండి. మగోళ్ళు శానామంది ఇక్కడే ఆగిపోతన్నారు. అందుకే వెనకపక్క ఇంకో కాలమ్ పెట్టినారు. వీపు."

ఆ కాలమ్ తడుముకోకుండా నింపాడు. ముడి ఎప్పుడూ కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది. జాకెట్టు భుజం కుట్టు దగ్గర పిన్నీసు. పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడితే కుడి భుజం వాలిపోతుంది. రాస్తుంటే కన్నీళ్ళు కాగితం మీద పడ్డాయి.

"తడిసినా సెల్లుద్దిలెండి" అంటూ పైడితల్లి ముద్ర వేసింది.

ఇంటికొచ్చి అట్టను భోజనాల బల్లమీద ఎదురుగా నిలబెట్టుకున్నాడు. ఆ బొమ్మను సరిగ్గా చూడటం అదే మొదలు. నీలం మీద ఆ పసుపు నిజంగానే ఎంతో బావుంది. ఆ మాట చెప్పడానికి ముప్పై ఆరేళ్ళు టైముండింది. కాసేపు ఏడ్చాడు. తర్వాత పేపరు తెరిచాడు, రెండో పేజీకి వచ్చేసరికి అన్నీ మర్చిపోయాడు.

"హైమా, టీ" అన్నాడు తలెత్తకుండా.

అట్టమీద పేము కుర్చీ కిర్రుమంది. హైమవతి కుర్చీ చేతులమీద బరువు ఆనించి లేవబోతోంది.

కూర్మనాథం పేపరు పారేసి రెండు చేతులూ జోడించాడు. "వద్దొద్దు. కూర్చో హైమా, కూర్చో."

ఆమె సగం లేచి అలాగే ఆగిపోయింది. ఆయన నోట ఈ మాట ఎప్పుడూ వినలేదు కనుక అర్థం కావడానికి కొంతసేపు పట్టినట్టుంది. తర్వాత కూర్చుంది. ఇటు తిరగలేదు. తిరిగి చూడాలన్న నిబంధన ఏదీ లేదు.