అందరికీ ఒక కాపీ

ఆ ఉదయం యజ్ఞనారాయణ పెట్టుకున్న పని చిన్నదే. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఆయన ఆఫీసు గదికి కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతదాన్ని మధ్యాహ్నానికల్లా స్టోర్స్ వాళ్లు పట్టుకుపోతారు. అందులో ఆయనకు కావలసిన మెయిళ్లు కొన్నే. ఏళ్ల క్రితం భార్య జ్ఞానప్రసూన ఆపరేషన్‌కు రక్తం దొరక్క ఆయన పెట్టిన మెయిలూ, "వస్తున్నాం" అంటూ వచ్చిన జవాబులూ. ఎవరెవరు రక్తం ఇచ్చారో ఆనాటి కంగారులో చూసుకోనేలేదు. వాళ్లందరినీ ఈ ఆదివారం భోజనానికి పిలవాలని జ్ఞానప్రసూన పట్టుబట్టింది. "పేర్లు పట్టుకురాకపోతే ఇంటికి రాకండి" అని గుమ్మంలోనే చెప్పి పంపింది.

ఆ మెయిళ్లను ఏరి, తనకు తానే పంపుకుని కొత్త కంప్యూటర్‌లో తెరుచుకుంటే సరిపోతుందనుకున్నాడాయన. ఉపాయం బాగానే ఉంది. కాకపోతే ఇన్నేళ్ల సర్వీసులో ఆయన అందరికీ కాపీ పెట్టకుండా ఒక్క మెయిలూ పంపి ఎరగడు. టీ కప్పు పగిలినా సెక్షన్ మొత్తానికి తెలియాల్సిందే. బుర్ర ఆలోచించేలోపే వేళ్లు అలవాటు పని కానిచ్చేశాయి. "అర్జెంట్. జ్ఞానప్రసూనకు రక్తం కావాలి. దయచేసి రండి" అంటూ అందరి ఫోన్లూ మోగాయి. పాత తేదీ ఎక్కడో అడుగున ఉంది. అంతదూరం చదివే తీరిక ఎవరికుంది?

ముందుగా రోలింగ్ మిల్లు గణపతిరావు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఆస్పత్రికి వచ్చీసినాం. వదిన ఏ వార్డు?"

"ఏ వదిన?"

గణపతిరావు పక్కవాళ్లతో, "పాపం, పెళ్లాన్నే మర్చిపోయినాడు" అని, మళ్లీ ఫోన్లోకి వచ్చి, "పరేషాన్ అవకు అన్నయ్యా. దుర్గ్ నుంచి రమాకాంత్ కూడా బయల్దేరినాడు" అని పెట్టేశాడు.

యజ్ఞనారాయణ స్క్రీన్ వైపు చూశాడు. పాత మెయిల్ అందరికీ వెళ్లిపోయి ఉంది. పొరపాటున పాత మెయిల్ పంపానని రాస్తే పరువు పోతుంది. అందుకని హుందాగా, "ఇక రక్తం అవసరం లేదు. ఇంతకాలం మాకు తోడున్న మీ అందరికీ కృతజ్ఞతలు" అని రాశాడు. దీనికీ అందరికీ కాపీ.

ఆ తర్వాత ఒక్క ఫోనూ రాలేదు. గండం గడిచిందని ఆయన టీ తెప్పించుకున్నాడు. ఇంతలో కంప్యూటర్ కోసం వచ్చిన స్టోర్స్ మనిషి హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, "హిమ్మత్ రఖియే సార్" అని ఓదార్పుగా ధైర్యం చెప్పాడు. రెండో మెయిల్‌ను జనం ఎలా చదువుకున్నారో అప్పుడు తెలిసింది. టీ అక్కడే వదిలేసి స్కూటర్ దగ్గరికి పరుగెత్తాడు.

క్వార్టర్ ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. పక్కింటి పద్మశ్రీ జ్ఞానప్రసూన చెయ్యి పట్టుకుని వదలడం లేదు. ఎదురుగా గణపతిరావు, చేతిలో బంతిపూల దండతో.

"ఏటయ్యా, ఈ దండేటి?"

"మీకే వదినా..." అని నాలుక కరుచుకుని, "అదే, మీ దేవుడికి" అన్నాడు.

యజ్ఞనారాయణ గేటు దగ్గరే నిలబడి జరిగిందంతా చెప్పేశాడు. పరువు సంగతి ఇక ఆలోచించలేదు. జ్ఞానప్రసూన ఆయన వైపు ఒక చూపు చూసింది. దాని సంగతి తర్వాత. జనం వైపు తిరిగి, "అప్పుడు రక్తం ఇచ్చింది మీలో ఎవరు బాబూ?" అని అడిగింది.

కొన్ని చేతులు మొహమాటంగా లేచాయి. వాటిలో ఆమె ఎన్నడూ చూడని రమాకాంత్ చెయ్యి ఒకటి.

"అప్పుడు రమ్మంటే వచ్చారు. ఇప్పుడూ వచ్చారు. మీ దయవల్లే ఇయ్యాల ఈ గుమ్మంలో నిలబడి ఉన్నాను" అంటూ ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. జీవితమంతా మెయిళ్లలో కృతజ్ఞతలు రాసిన యజ్ఞనారాయణ గేటు వదిలి వాళ్ల మధ్యకు వెళ్లాడు. ఒక్కొక్కరి చేతులూ పట్టుకున్నాడు.

"ఆదివారం దాకా ఎందుకు? అందరూ కూచోండి, వండేస్తాను" అంది జ్ఞానప్రసూన.

మెయిల్ ఆలస్యంగా చూసి వచ్చేవాళ్లు ఉంటారని మర్నాడు కూడా ఆమె ఎసట్లో బియ్యం ఎక్కువే పోసింది.