బల్లకింద హెడ్మాస్టరు

ఆ ఉదయం హెడ్మాస్టరు పద్మనాభయ్య పథకంలో లోపమే లేదు. పది గంటలకు ఉప్పెన డ్రిల్లు చూడడానికి అధికారి రోజారమణి వస్తారు. పదీ అయిదుకు గంట మోగుతుంది. ఎనభై మంది పిల్లలు చప్పుడు లేకుండా బల్లల కిందికి దూరతారు. జపాన్ బడుల్లో అలాగే చేస్తారని ఆయన వీడియోలో చూశాడు. డ్రిల్లు చెడితే పులికాట్ ఒడ్డున ఉన్న ఈ బడిని మూసేసి, పిల్లల్ని చిట్టమూరు పంపేస్తారు.

రోజారమణి సమయానికే వచ్చింది. పదీ నాలుగుకు కరెంటు పోయింది. గంట మోగదు. నెల్లూరు నుంచి బదిలీ మీద వచ్చి రెండు వారాలైన హెడ్మాస్టరు వంటగదిలోకి పరుగెత్తి, ఖాళీ ఇత్తడి గుండిగ, గరిట అందుకున్నాడు.

"సార్, దాన్ని ఆపకుండా కొట్టబాకండి," వంటమనిషి మాలకొండమ్మ అడ్డం వచ్చింది. "కొట్టినారంటే మా పాళెంలో..."

"నిశ్శబ్దం, మాలకొండమ్మా. డ్రిల్లులో అదే ముఖ్యం," అంటూ ఆయన నిమిషంపాటు వాయించాడు.

పిల్లలు బల్లల వైపు చూడనైనా లేదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చేతులు పట్టుకుని మేడమెట్లు ఎక్కేశారు. "ఇలా, ఇలా దూరాలి," అని చూపించబోయి పద్మనాభయ్య ఒక బల్లకింద దూరాడు. పొట్ట ఇరుక్కుంది.

ఆ జాలర్ల పాళెంలో ఇత్తడి ఆగకుండా మోగితే సముద్రం లేచిందని, ఊరంతా బడి మేడ ఎక్కాలని అర్థం.

బల్లకింద నుంచి ఆయనకు పాదాలే కనిపించాయి. వందల పాదాలు. ముసలివాళ్ళను వలల్లో మోస్తున్న పాదాలు, తెప్పలు మోస్తూ బరువుగా పడుతున్న పాదాలు. ఒక్క కేక లేదు. ఒక పాదం ఇంకో పాదాన్ని తొక్కలేదు.

మేడమీద పాళెం పెద్ద ముత్యాలయ్య ఇంటింటి తలలూ, బడి తలలూ లెక్కపెట్టి, ఒకటి తగ్గిందని కిందికి దిగాడు. వెనకే రోజారమణి.

"ఏంది సార్, నీళ్ళొస్తా ఉంటే బల్లకింద దూరినారే? మునిగిపోరా?"

"ఇది జపాన్ పద్ధతి, ముత్యాలయ్యా."

"అది భూకంపానికి, మాస్టారూ," అంది రోజారమణి. "ఉప్పెనొస్తే వాళ్ళూ మేడే ఎక్కుతారు."

ముత్యాలయ్య వాకిట్లోకి చూశాడు. "ఇంతకీ నీళ్ళేవి సార్?"

పద్మనాభయ్య బల్లకింద నుంచి గరిట ఎత్తి చూపించాడు. బడి పోయిందనుకున్నాడు.

రోజారమణి గడియారం రెండోసారి చూసుకుంది. "నాలుగు వందల మంది. ఆరు నిమిషాలు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

నివేదిక వారానికి వచ్చింది. బడి ఇక్కడే ఉండాలి. జిల్లా అంతా వచ్చి ఈ పాళెం దగ్గర నేర్చుకోవాలి. డ్రిల్లులో మునిగినవారు: ఒక్కరు, హెడ్మాస్టరు.