పాండురంగం కడుపుకు అందని ఉత్తర్వు

కాలమనేది సర్కారువారి ఆస్తి. ప్రజలు దాన్ని వాడుకోవచ్చుగాని సొంతం అనుకోకూడదు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు గనక నలభైరెండో సంవత్సరం సెప్టెంబరు ఒకటో తారీఖున సర్కారువారే బోధపరిచారు. యుద్ధం నిమిత్తం దేశంలోని గడియారాలన్నీ ఒక గంట ముందుకు తిప్పుకోవలసిందని ఉత్తర్వు వచ్చింది. రాత్రి మామూలుగా పడుకున్న బెజవాడ తెల్లారి గంట ముందే లేచింది. ఆ గంట ఎటు పోయిందని ఒక్కరూ అడగలేదు. (యుద్ధంలోకి పోయి ఉంటుంది. బియ్యం, కిరసనాయిలు, మేకులు అన్నీ అక్కడికే పోతున్నాయి.)

ఉత్తర్వును కోర్టులు పాటించాయి. బడులు పాటించాయి. రైళ్ళు కూడా పాటించాయి, ఎప్పటిలాగే ఆలస్యంగా. గవర్నరుపేటలో మా పక్క వాటాలో ఉండే ఏడేళ్ళ పాండురంగం కడుపు మాత్రం పాటించలేదు.

పాండురంగం తీరు వేరు. పిలిస్తే చూడడు. ఆకలేసినా అడగడు. కొండపల్లి బొమ్మలన్నిటినీ మొహాలు గోడవైపు తిప్పి వరసగా నిలబెడతాడు. వాటిలో ఒకటి బెత్తెడు జరిగినా ఇల్లెగిరిపోయేట్టు ఏడుస్తాడు. చుట్టుపక్కలవాళ్ళు కొందరు మొండి అన్నారు, కొందరు దిష్టి అన్నారు. ఒక డాక్టరుగారు వాడి నాలుక చూసి ఆముదం రాసిచ్చారు. ఆ తీరుకు డాక్టర్ల దగ్గర ఇంకా పేరు లేదు. పేరు లేనిదానికి ఏ ఆఫీసులోనూ దారి ఉండదని తరవాత తెలిసింది.

వాడికి దొడ్డికి వెళ్ళడం నేర్పడానికి తల్లి కనకవల్లిగారు పడిన పాట్లు గోడ ఇవతలనుంచి నేను విన్నాను. బతిమాలింది, బెల్లం పెట్టింది, ఒకటి రెండుసార్లు కొట్టి తనే ఏడ్చింది. చివరికి ఆవిడే ఒక సంగతి కనిపెట్టింది. కన్నతల్లి మాట వినని పిల్లవాడు మిల్లు కూత వింటాడు. మా వీధి వెనకాల వీరభద్రయ్యగారి బియ్యం మిల్లుంది. పొద్దున తొమ్మిదికి షిఫ్టు కూత వేస్తారు. అది వినగానే వాడు చేస్తున్నది ఆపి తలెత్తుతాడు. ఆ తలెత్తిన క్షణంలో ఆవిడ వాడి చేతికి ఇత్తడి చెంబు ఇచ్చేది, రెక్క పట్టుకుని పెరట్లోకి నడిపించేది. కూత, చెంబు, పెరడు. అలా రెండేళ్ళు. ఒకరోజు ఆవిడ చెయ్యి వెయ్యకుండానే వాడు వెళ్ళి, పని కానిచ్చుకుని, చెంబు బోర్లించి వచ్చాడు. ఆ పూట ఆవిడ మా ఇంటికి చక్కెర పొంగలి పంపింది. సందర్భం ఏమిటని మా ఆవిడ అడిగితే చెప్పడానికి మొహమాటపడింది.

ఆ ధైర్యంతోనే వాణ్ణి బళ్ళో వేశారు. అక్కడ ఒక వింత జరిగింది. అమ్మా అని కూడా అనని నోరు, హాజరు పిలిచేటప్పుడు "చావలి పాండురంగారావు" అనగానే "ప్రెజెంటు సార్" అంది. అదొక్కటే మాట. ఆ మాట కోసం కనకవల్లిగారు రోజూ బడి కిటికీ కింద నిలబడి, విని, ఇంటికి వెళ్ళేది.

ఇంతలో సర్కారువారు గంట జరిపారు.

మిల్లు గడియారమూ జరిగింది, కూతా జరిగింది. కూత వేసేటప్పటికి పాండురంగం చెంబు పుచ్చుకుని నిజాయితీగా పెరట్లోకి వెళ్ళి కూర్చునేవాడు. కడుపు దగ్గరనుంచి ఏ కబురూ రాదు. దాని లెక్కలో ఇంకా ఎనిమిదే గదా. లేచి వచ్చి బడికి వెళ్ళేవాడు. కొత్త టైము పదింటికి హాజరు పిలిచేవేళ కడుపుకి తొమ్మిదయ్యేది. అక్కడ కూత లేదు, చెంబు లేదు, పెరడు లేదు. "ప్రెజెంటు సార్" అనేవాడు, ఆ వెంటనే నిక్కరులోనే అయిపోయేది.

హెడ్మాస్టరుగారు చెడ్డవారు కాదు. కనకవల్లిగారిని పిలిపించి చాలా మర్యాదగా మాట్లాడారు.

"నేను కాదనడం లేదమ్మా. సరీగ్గా హాజరు వేళకే ఇట్లా అయితే ఎట్లాగండీ? రేపు ఇన్‌స్పెక్టరుగారు వస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"వాడి కడుపుకింకా పాత టైమేనండీ."

హెడ్మాస్టరుగారు లేచి తలుపు దగ్గరకు వేశారు. "ఆ మాట పైకి అనకండి తల్లీ. అసలే రోజులు బాగాలేవు. ఉద్యమం పేరుతో రైలు పట్టాలు పీకేస్తున్నారు, టెలిగ్రాఫు తీగలు తెంపేస్తున్నారు. పాత టైము పాటిస్తున్నామంటే సహాయ నిరాకరణ కింద రాస్తారు."

ఏడేళ్ళ పిల్లవాడు ఇంగ్లీషు సామ్రాజ్యానికి సహకరించడం లేదన్న అనుమానం అట్లా పుట్టింది. (వాడు చేసిన విధంగా మన నాయకులెవరూ ఇంతవరకు నిరసన తెలపలేదు. తెలిపి ఉంటే ఎట్లా ఉండేదో చెప్పలేం.)

కనకవల్లిగారు కోరింది పెద్ద కోరికేం కాదు. కొత్త టైము పదింటికి, అంటే వాడి కడుపు తొమ్మిదికి, మిల్లులో చిన్న కూత ఇంకొకటి వేయాలి. ఆ కూత విని ఇంట్లో పని ముగించుకుని వాడు కాస్త ఆలస్యంగా బడికి వస్తాడు. హెడ్మాస్టరుగారు పైనుంచి కాగితం తెమ్మన్నారు. వీరభద్రయ్యగారు కూడా పైనుంచి కాగితం తెమ్మన్నారు. పైన అంటే జిల్లా యుద్ధకాల సమయ సర్దుబాటు అధికారి అచ్యుతరామారావుగారు. కనకవల్లిగారి భర్త ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. పేరు పైకి వస్తే ఉద్యోగం పోతుందని భయం. అందుకని నన్ను తోడు రమ్మంది.

అచ్యుతరామారావుగారు అంతా విన్నారు. విన్నాక నిబంధనల పుస్తకం తిప్పారు.

"మినహాయింపులు లేకపోలేదమ్మా. పాడి పశువులకు ఉంది. గేదెలు కొత్త టైముకి చేపి పాలివ్వడం లేదని ఉయ్యూరువైపువాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. పాలు సైన్యానికి వెళ్తాయి గనక, వాటికి పాత టైము మంజూరైంది. మీ అబ్బాయి సైన్యానికి పనికొచ్చేది ఏమైనా..." అని అక్కడ ఆగిపోయారు. పెద్దమనిషి.

"ఒక్క కూతండీ, అంతే," అంది కనకవల్లిగారు.

"కూత మాటలు కాదమ్మా. కూతంటే విమానదాడుల సంగతి చూసే ఏఆర్పీ వాళ్ళ కిందకొస్తుంది. వేళగాని వేళ కూత వేస్తే జపాను విమానాలు వస్తున్నట్టు. జనమంతా కందకాల్లో దూరాలి. మీ వాడు దొడ్డికి వెళ్ళాలని ఊరు ఊరంతా కందకాల్లోకి వెళ్ళాలంటారా?"

"ఊళ్ళో వాళ్ళకి చెప్పొచ్చు గదండీ, అది మావాడి కూతని."

"చెప్తే జపానువాళ్ళు కూడా వింటారమ్మా," అన్నారు ఆయన, గొంతు తగ్గించి.

బయటికి వచ్చి మెట్లు దిగుతూ ఆవిడ ఒక్కసారి గోడ పట్టుకుని నిలబడింది. నాకు ఆ ఆఫీసు మీద, ఆ గోడ మీద, గేదెల మీద కూడా పట్టరాని కోపం వచ్చింది.

ఈ కబురు వీరభద్రయ్యగారికి చేరింది. ఆయన చదువుకున్న మనిషి కాదు, నిబంధనలంటే మనకంటే ఎక్కువ భయం. అయినా ఎక్కడో పౌరుషం వచ్చింది. సాయంత్రం తనే మా అరుగు మీదికి వచ్చి కనకవల్లిగారిని పిలిచాడు.

"ఏం పోయిందమ్మా, ఒక్క కూతేగా! ఆవిరి నాది, మిల్లు నాది. రేపు పదింటికి పిల్లాణ్ణి ఇంటికాడే ఉంచు. ఆడి పని ఆణ్ణి కానియ్యి. ఎవడొస్తాడో నేను చూసుకుంటా."

మర్నాడు పదింటికి కూత వేశాడు. చిన్న కూతే వేశానని ఆయన ఈనాటికీ అంటాడు. అంతకు ముందు ఏప్రిల్లోనే విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. బెజవాడకు ఆ చిన్న కూత చాలింది. సంతలో తూకంలో ఉన్న బియ్యం తక్కెళ్ళలోనే ఉండిపోయింది. కోర్టులో సాక్షి ప్రమాణం సగంలో ఆపి పరుగెత్తాడు, వెనక జడ్జీగారు. గవర్నరుపేట గవర్నరుపేటంతా కందకాల్లో పడింది. రాత్రి కురిసిన వాన కందకాల్లో మోకాలి లోతు నిలిచి ఉంది. బాంబులు ఇదిగో పడతాయి, అదుగో పడతాయి అని ఒకరి మీద ఒకరు కూర్చున్నాం. ఆ కూర్చోవడంలో కొందరు పెద్దమనుషులకు, గౌరవనీయులైన ప్లీడర్లకు, ఒక హెడ్డు కానిస్టేబులుకు పంచెలు, లాగులు మార్చుకోవలసిన అవసరం ఏర్పడింది. (నేనూ అక్కడే ఉన్నాను. నా పంచె సంగతి ఇక్కడ అప్రస్తుతం.)

అదే సమయంలో, ఊరంతటిలోకీ ఒక్క పాండురంగం తలెత్తి, చెంబు పుచ్చుకుని, పెరట్లోకి నడిచి, నిదానంగా పని ముగించుకుని, చెంబు బోర్లించి వచ్చాడు. ఆ రోజున బెజవాడలో తన పని తాను సక్రమంగా నెరవేర్చినవాడు వాడొక్కడే. కనకవల్లిగారు మాకు ఆ సంగతి చెబుతూ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళనీళ్ళు బొటబొటా కారిపోయాయి.

విచారణ జరిగింది. వీరభద్రయ్యగారి చేత ఇంకెప్పుడూ వేళకాని కూత వేయనని సంతకం పెట్టించుకున్నారు. కందకాల్లో జరిగినదాని మీద విచారణ లేదు. అది భయం వల్ల జరిగింది గనక పొరపాటు కిందకి రాదని, పైగా రాజభక్తికి నిదర్శనమని తేల్చారు. పాండురంగం భయపడలేదు గనక వాడికి ఆ సౌకర్యం వర్తించలేదు. బళ్ళో వాడి పేరు పక్కన పెట్టారు. వేళకు కుదురుకుంటే మళ్ళీ చేర్చుకుంటానని హెడ్మాస్టరుగారు మాటిచ్చారు.

అప్పుడు కనకవల్లిగారు వేరే దారి పట్టింది. కూతను కడుపు దగ్గరికి తేలేకపోయింది గదా, కడుపునే కూత దగ్గరికి తీసుకుపోదామనుకుంది. వాడి రాత్రి అన్నం రవ్వంత ముందుకు జరిపింది. వాడు కంచం విసిరికొట్టాడు. మళ్ళీ వెనక్కి జరిపి, ఇంకో వారం ఆగి, అందులో సగం జరిపింది. నిద్ర జరిపింది. పొద్దున పాలు జరిపింది. వానాకాలంలో వాడికి జబ్బుచేసి మొత్తం మొదటికి వస్తే మళ్ళీ అన్నం దగ్గరనుంచి ఎత్తుకుంది. సర్కారువారు ఒక్క రాత్రిలో చేసిన పనికి ఆవిడకు ఏడాదిన్నర పట్టింది. ఆవిడకు గెజిట్టు లేదు మరి.

చివరికి కడుపు కూతతో కలిసింది. హెడ్మాస్టరుగారు మాట నిలబెట్టుకుని వాణ్ణి మళ్ళీ చేర్చుకున్నారు. "ప్రెజెంటు సార్" మళ్ళీ కిటికీలోంచి వినబడింది. నేను కూడా ఒకటి రెండుసార్లు పనిగట్టుకుని ఆ కిటికీ కిందనుంచి వెళ్ళాను.

యుద్ధం అయిపోయింది. మనం గెలిచామన్నారు. నలభైఐదు అక్టోబరు నడిమికి సర్కారువారు మన గంట మనకు తిరిగి ఇచ్చేశారు. మూడేళ్ళు వాడుకున్నందుకు అద్దె ఇవ్వలేదుగాని, ఇచ్చేశారు. గడియారాలన్నీ వెనక్కి తిరిగాయి. అలవాటు పడేదాకా ఉద్యోగులు వేళ తప్పినా తప్పు పట్టకూడదని, పదిహేను రోజుల గడువిస్తూ దయగల ఉత్తర్వు కూడా వచ్చింది.

పాండురంగం కడుపు ఎనిమిదింటికే తలుపు తట్టేది. కూత లేదు. కూత లేనిదే వాడు వెళ్ళడు, బిగబట్టేవాడు. తొమ్మిదికి కూత వేసేసరికి కడుపు అలిగి కూర్చునేది. మధ్యాహ్నం బళ్ళో, లెక్కల క్లాసులో, అలక తీరేది. వాడికిప్పుడు పదేళ్ళు. ఏడేళ్ళప్పుడు ముక్కు మూసుకున్న పిల్లలు ఇప్పుడు నవ్వడం నేర్చారు.

ఈసారి బడినుంచి కాగితం పైకి వెళ్ళింది. అచ్యుతరామారావుగారు స్వయంగా ఇంటికే వచ్చి విచారిస్తామని కబురు చేశారు. పదకొండింటికి వస్తామన్నారు, పదింటికి వచ్చారు. అప్పటికి కనకవల్లిగారు నూతి దగ్గర పిల్లవాడి నిక్కర్లు జాడిస్తోంది. నేను పరుగున వెళ్ళి కుర్చీ వేశాను.

"ఇంకా గడియారం మార్చుకోలేదండీ," అన్నారు ఆయన నవ్వుతూ. "మూడేళ్ళ అలవాటాయె. మాకు పదిహేను రోజులు టైమిచ్చార్లెండి."

కనకవల్లిగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. పాండురంగం ఆవిడ వెనక, బొమ్మల వరస దగ్గర కూర్చుని ఉన్నాడు. అధికారిగారు కళ్ళజోడు పెట్టుకుని ఉత్తర్వు పైకి చదివారు.

"చావలి పాండురంగారావు..."

"ప్రెజెంటు సార్," అన్నాడు పాండురంగం, బొమ్మలమీదనుంచి తల తిప్పకుండా.

ఇంట్లో ఆ మాట వినడం కనకవల్లిగారికి అదే మొదటిసారి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అధికారిగారు వరస ఎక్కడ పోయిందో వెతుక్కుని, మిగతాది చదివారు. "...అనే బాలుడి పేరు పాఠశాల హాజరు పట్టీనుంచి శాశ్వతంగా కొట్టివేయడమైనది."

"ఎందుకండీ?" అంది ఆవిడ.

"ఒకటికి రెండుసార్లు చూశాం గదమ్మా. కొత్త టైముకి సరిపడలేదు, మళ్ళీ పాత టైమిస్తే దానికీ సరిపడలేదు. మీ వాడికి వేళ విషయంలో నిలకడ లేదు."

"జరిపింది మీరు, మళ్ళీ వెనక్కి జరిపింది మీరు. వాడెక్కడికీ కదల్లేదండీ."

ఆయన చేతిగడియారం చూసుకుని, అబ్బో అప్పుడే పదకొండు దాటిందే అని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

అప్పటికి పది దాటి అయిదు నిమిషాలైంది.